ఎడం భుజానికి మారిన తుపాకీ

సింగపూర్‌లో ఒక రైఫిల్ క్లబ్బు. తుపాకులు భద్రపరిచే గది, దాని ముందు పొడుగాటి బల్ల. శనివారం ఉదయం. బల్లకి ఒకవైపు ఆ గది బాధ్యత చూసే హరిదాస్, రెండోవైపు నెల కిందట భర్తని పోగొట్టుకున్న ఉమ.

“ఇక్కడొక సంతకం, ఆ కిందొకటి. అంతేనమ్మా. నువ్వు ప్రసాదు తుపాకీని సూడక్కర్లేదు.”

“చూడకుండా సంతకం ఎలా పెడతాను అంకుల్?”

“అందరూ పెట్టేస్తారు. లైసెన్సు మనిషితోనే పోద్ది కదా. కొనీవోళ్ళుంటే వాళ్ళ పేరుకి మార్చేస్తాం, లేకపోతే పోలీసులకి అప్పజెప్పేస్తాం, వాళ్ళు ముక్కలు కోసేస్తారు. దీనికి కొనీవోడున్నాడు. ఇంక సూసీదేటుంది?”

“తొమ్మిదేళ్ళు ప్రతి శనివారం జురాంగ్ ఈస్ట్‌లో ట్రైనెక్కి మీ దగ్గరికొచ్చేవారు. ఇంటికి తేకూడదు కాబట్టి నేనెప్పుడూ చూడలేదు. ఒక్కసారి చూపించండి.”

“మకాన్ అయిందా నీకు? కింద కాంటీన్లో కోపి బావుంటాది...”

“తినే వచ్చాను అంకుల్.”

“సరే. ఉండు, తాళం తీసొస్తాను.”

“మీ మాట ఆయన ఇంట్లో అచ్చం ఇలాగే అనుకరించేవారు. మలేసియాలో పుట్టి పెరిగిన మనిషి, నీకంటే నాకంటే మంచి తెలుగు అనేవారు.”

“మా నాయనమ్మ తెలుగమ్మా అది. తోటల్లో రబ్బరు పాలు తీసీది. ఇంద, ఇదే. భయపడకు, ఖాళీయే. తెరిచి పెట్టాను సూడు, లోపలేటీ లేదు.”

“ఇదా?”

“ఇదే.”

“సినిమాల్లోలాగా నల్లగా నున్నగా ఉంటుందనుకున్నాను. ఇదేంటి, అతుకుల బొంతలా ఉంది.”

“మేమూ నవ్వీవోళ్ళం. ప్రసాదు కొత్తది కొనే మనిషి కాదు కదా. ఊరెళ్ళిపోతున్న ఆస్ట్రేలియా ఆయన దగ్గర పాతది తీసుకున్నాడు. ఒక్క ట్రిగ్గరు కొన్నాడు, అదీ ఎవరో వాడిందే. మిగతాదంతా సొంత చేతిపని. ఈ చెక్క సూడు, ఈ బల్ల మీదే ఆకురాయి పట్టి అరగదీసేడు. నాలుగు శనివారాలు. ఏది మార్చినా ముందు నాకు సూపించీవోడు, నేను సరేనన్నాకే.”

“ఈ నీలం స్పాంజి?”

“సెంప ఆనించుకోడానికి. పిల్లలు ఈత నేర్చుకునే పలక ఉంటాది సూడు, అది కోసేడు.”

“మా అమ్మాయి అనన్యది. దాని కిక్‌బోర్డు. ఇల్లంతా వెతికాం అంకుల్. ఆయన కూడా మాతోపాటు మంచం కింద దూరి మరీ వెతికారు.”

“అయ్యో. పాతది, పారేసిందని సెప్పేడు నాతో.”

“పారేసింది కాదు. ఈ రేకేంటి? మైలో డబ్బా ముక్కలా ఉంది.”

“అదా. అదొక రేకులే.”

“దేనికి?”

“ఇది సెమీ ఆటోమేటిక్ కదమ్మా. ట్రిగ్గరు నొక్కితే ఒకటి పేలుద్ది, ఖాళీ గుల్ల దానంతటదే కుడివైపుకి ఎగిరి పడిపోద్ది, తర్వాతది దానంతటదే ఎక్కుద్ది. ఆ గుల్ల మొకం మీదకి రాకుండా ఈ రేకు అడ్డం పెట్టేడు.”

“కుడివైపుకి ఎగిరేది మొహం మీదకెందుకొస్తుంది?”

“కొంతమందికి వస్తాది.”

“ఎవరికి?”

“ఎడంచేతి వాటం వోళ్ళకి.”

“ప్రసాద్‌ది ఎడంచేతి వాటం కాదే.”

“కాదు.”

“స్పాంజి కూడా కుడిపక్కనే అంటించి ఉంది. అంటే దీన్ని ఎడం భుజానికి పెట్టుకునేవారన్నమాట.”

“అలవాటు మార్చుకున్నాడు. కొంతమంది మారుస్తారమ్మా. కంటి కోసమనీ, అదనీ ఇదనీ.”

“నలభై ఎనిమిదేళ్ళ మనిషి, సరదాకి మార్చుకున్నారా?”

“కోపి తెప్పించీదా?”

“వద్దు అంకుల్. ఇది ఎప్పుడు కొన్నారు?”

“పుస్తకంలో ఉంటాది.”

“చూసి చెప్పండి.”

“రెండువేల ఇరవై రెండు, నవంబరు.”

“అంతకుముందు ఇంకోటి ఉండేది కదా. అదంటే ప్రాణమనేవారు. దాన్నెందుకిచ్చేశారు?”

“దానికి ప్రతి గుండుకీ కుడిచేత్తో బోల్టు లాగాలమ్మా. దీనికి లాగక్కర్లేదు.”

“అప్పటికే లాగలేకపోయేవారా?”

“ఉమా, సంతకం పెట్టేసి ఇంటికెళ్ళమ్మా.”

“ఆయన ట్రైన్లో పడిపోయింది రెండువేల ఇరవై నాలుగు జనవరిలో. ఆ తర్వాత వారం ఆస్పత్రిలో మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది డాక్టరు. కండరాలు ఒక్కొక్కటీ పని మానేసే జబ్బు, దీనికి మందు లేదు అని. అప్పుడే తెలిసిందని అందరికీ చెప్పుకున్నాం. మీరేమో నవంబరంటున్నారు. పద్నాలుగు నెలల ముందు.”

“అవునమ్మా.”

“మీకు తెలుసు.”

“తెలుసు. ఒక శనివారం కుడిచెయ్యి ఇలా బల్ల మీద పరిచి, అంకుల్ ఇక్కడ చూడండి అన్నాడు. బొటనవేలికీ సూపుడువేలికీ మధ్య కండ ఉంటాది కదా, అది గుంట పడిపోయింది. పరీక్షలు సేయించేననీ, ఇదీ సంగతనీ సెప్పేడు. సెప్పి, మళ్ళీ ఆకురాయి తీసుకున్నాడు.”

“ఏమన్నారు మీరు?”

“ఏటంటాను. ఇదంతా ఇప్పుడు దేనికి ప్రసాదూ అన్నాను. దానికి నవ్వేడు. ఒళ్ళు ఒక్కో పనీ మానేస్తుంటే దానికి తగ్గట్టు ఏదో ఒకటి మార్చుకోవచ్చు అనే చోటు నాకిదొక్కటే అంకుల్, అన్నాడు. వేలికి బలం తగ్గిందని ముందు ట్రిగ్గరు తేలిక సేసేడు. తర్వాత పట్టు జారుతోందని ఈ సైకిలు టేపు సుట్టేడు, లావుగా. అదీ ఆగలేదు. అప్పుడు ఎడం భుజానికి మారేడు. నలభై ఏళ్ళ అలవాటు తిప్పడమంటే ఎంత కష్టమో నీకు తెలీదు. కళ్ళమ్మట నీళ్ళు కారీవి, వొదలీవోడు కాదు. మూడు నెలలకి మళ్ళీ టార్గెట్టు మధ్యలో తగిలించేడు గుళ్ళు.”

“నాతో అన్నారు ఆ రోజు. ఇవాళ బాగా ఆడాను అని. ఎన్నాళ్ళకో రసమలాయి కొనుక్కొచ్చారు.”

“ఆ రోజే అయ్యుంటాది.”

“తర్వాత?”

“తర్వాత ఎడమది కూడా మొదలయ్యింది. ఈ రెండు కాళ్ళూ తగిలించేడు, బల్ల మీద దానంతటది నిలబడాలని. దీపావళి వెళ్ళిన శనివారం నేనే గుళ్ళు ఇవ్వడం మానేసినాను. ప్రసాదూ, ఇంక వద్దు, నా డ్యూటీ నన్ను సెయ్యనీ అన్నాను. కోప్పడలేదు. ఖాళీదే బల్ల మీద పెట్టండి చాలన్నాడు. గంటసేపు దాని ముందు కుర్చీలో కూచుని ఎళ్ళిపోయీవోడు. అలా ఏడెనిమిది వారాలు.”

“ఆ వారాల్లో కూడా, ఎలా ఆడారండీ అని అడిగేదాన్ని.”

“ఏటనీవోడు?”

“పర్లేదు అనేవారు.”

“ఇంట్లో మీకెవరికీ అనుమానం రాలేదామ్మా?”

“అన్నం స్పూనుతో తినడం మొదలెట్టారు. ఆఫీసులో అందరూ అలాగే తింటున్నారు, అలవాటైపోయింది అన్నారు. చొక్కాలు మానేసి టీషర్టులు వేసుకునేవారు. సైన్స్ పార్కు ఆఫీసుల్లో ఇప్పుడెవరూ గుండీలు పెట్టుకోవట్లేదు అన్నారు. టీషర్టులే బాగున్నాయండీ, ఇంకో నాలుగు కొందాం అన్నాను. వెళ్ళి కొన్నాం కూడా.”

“నన్ను తిట్టమ్మా. పర్లేదు. నీ నంబరు నా ఫోన్లోనే ఉన్నాది. ఎన్ని శనివారాలు తీసి సూసి మళ్ళీ జేబులో పెట్టుకున్నానో. పెద్దోణ్ణి. నేను సెప్పాల్సింది.”

“చెప్పొద్దని ఆయనే అన్నారా?”

“మాట తీసుకున్నాడు.”

“ఎందుకట?”

“ఉమ ఇంట్లో పాటలు పాడుకుంటూ తిరుగుతోంది అంకుల్ అన్నాడు. ఒకసారి సెప్పేస్తే ఇంక పాడదు, ఇంకొన్నాళ్ళు అలాగే తిరగనీ అన్నాడు.”

“ఈ టేపు కొస ఊడిపోతోంది అంకుల్.”

“అమ్మా.”

“ఏం లేదు. కొనే అతను ఈ అతుకులన్నీ ఉంచుకుంటాడా?”

“లేదమ్మా. అతనిది కుడిచెయ్యి. అన్నీ పీకేసి మొదట్లో ఉన్నట్టు సేసుకుంటాడు. నీకు ఇష్టం లేకపోతే సెప్పు. ఇలాగే, ఉన్నదున్నట్టు పోలీసులకి ఇచ్చేద్దాం. ఇంకెవరి చెయ్యీ పడదు.”

“ముక్కలు చేసేస్తారన్నారు.”

“సేసేస్తారు.”

“వద్దు. అతనికే ఇచ్చేయండి. నాలుగు శనివారాలు ఆకురాయి పట్టింది ముక్కలైపోవడానికి కాదు. ఒకసారి ముట్టుకోవచ్చా?”

“కూచో. ఎడం భుజానికి ఆనించుకో. సెంప ఇక్కడ పెట్టు. ఆఁ, అలా. ఏటైనా కనిపిస్తోందా?”

“లేదు. మసగ్గా ఉంది.”

“ప్రసాదు కంటికి సరిసేసుకున్నదమ్మా అది. నీకు కుదరదు.”

“కాసేపు ఇలాగే కూర్చుంటాను.”

“కూచో. నాకేటీ పనిలేదు.”

“...ఇంక తీసేయండి అంకుల్. సంతకం ఎక్కడన్నారు?”

“ఇక్కడ. ఇక్కడ కూడా. ఒక్క మాటైనా అనలేదు నువ్వు నన్ను. పద్నాలుగు నెలలు దాచినాను నీ దగ్గర.”

“మీరొక్కరేనా దాచింది? మీరు చెప్పిన నవంబరుకి నెల ముందే, అక్టోబరులో, ఆస్పత్రి నుంచి ఆయన పేరున కవరొచ్చింది. లెటర్‌బాక్సు తాళంచెవి ఆ రోజు నా దగ్గరుంది. ఆయన చెయ్యి అప్పటికి నెల్లాళ్ళుగా చూస్తూనే ఉన్నాను. ఆవిరి పట్టి విప్పాను, జబ్బు పేరు చదివాను, మళ్ళీ అంటించి బాక్సులో పెట్టేశాను. సాయంత్రం ఆయనే తెచ్చుకున్నారు. ఏంటండీ అది అంటే, ఏదో బ్యాంకుదిలే అన్నారు. ఎప్పటికైనా ఆయన నోటితో చెప్తారని చూశాను. పాటలు నాకు రావు అంకుల్. ఆయన ఇంట్లో ఉన్నప్పుడే పాడేదాన్ని.”

“అయితే, ఆస్పత్రిలో డాక్టరు మీ ఇద్దరికీ సెప్పిన రోజు?”

“అప్పుడే విన్నట్టు ఏడ్చాం. ఆయన నా కోసం, నేను ఆయన కోసం.”