బాబాయ్ పర్మిషన్ ఇచ్చిన వాన

కోతలు కొయ్యడానికి పోస్టుల బాబాయ్‌కి వానే పడాలని ఏమీ లేదు. కానీ వాన పడితే వినేవాళ్ళు లేచి పోలేరు కదా, అందుకని ఆయనకి వాన రోజులంటే మహా ఇష్టం. ఫోన్లు బాగుచేసే కొట్టు ఆయనది. ఒళ్ళో ఎవరిదో విప్పిన ఫోను ఉంటుంది, చేతిలో తన ఫోను ఉంటుంది, ఆ తన ఫోనులోంచి ప్రభుత్వానికి సలహాలు పోతూ ఉంటాయి. పన్నుల మీద, ఎండల మీద, కొత్త సాఫ్ట్‌వేర్ల మీద, ఆన్‌లైన్‌లో ఎక్కడ చర్చ నడుస్తున్నా ఆయన పోస్టు ఒకటి పడాల్సిందే. అలా వచ్చింది ఆ పేరు.

ఆ మధ్యాహ్నం టీ కొట్టు అరుగు మీద ఆయనతో కలిపి నలుగురే ఉన్నారు. పొయ్యి ముందు టీ కొట్టు అత్త, బెంచీ మీద కాళ్ళు పైకి ముడుచుకుని రిటైరైన లెక్కల మాస్టారు, స్తంభానికి ఆనుకుని మిషనక్క. ఎదురుగా ఉన్న కుట్టు మిషన్ల కొట్టు మిషనక్కదే. ఆసుపత్రి నర్సులకి యూనిఫారాలు కుడుతుంది. కుట్టినవి కట్టలు కట్టి నేల మీదే పెట్టింది, రేపు పొద్దున అప్పగించాలి. ఇంకా కొన్ని కుట్టాల్సినవి ఉన్నాయి. వానకి పనిపిల్లలు రాలేదు. నీళ్ళు ఎంతొచ్చాయో చూసి పోదామని ఇలా వచ్చి నిలబడిపోయింది.

ఈ వీధిలో నీళ్ళని మెట్లతో కొలుస్తారు. టీ కొట్టుకి ఉన్న మెట్లలో అడుగుమెట్టు మునిగితే చెప్పులు చేతిలో పట్టుకోవాలి. రెండోది మునిగితే ప్రతి ఇంట్లో మంచం కోళ్ళ కింద ఇటుకలు పెడతారు. మూడోది మునిగిందంటే ఇక కాసేపట్లో నీళ్ళు మిషనక్క గడప దాటేస్తాయి. అడుగుమెట్టు అప్పటికే కనిపించడం లేదు.

మిషన్లు పైగదికి ఎక్కిస్తే మోటార్లు విప్పాలి, మళ్ళీ బిగించుకోవాలి, ఆ కుట్టాల్సినవి కుట్టడం కుదరదు, ఆర్డరు ఇంకొకరికి పోతుంది. ఎక్కించకుండా ఊరుకుంటే, కిందటిసారిలా మిషన్లలోకి బురద పోయి అసలు కొట్టే పోతుంది. మిషనక్క పొద్దుట్నించీ ఎటూ తేల్చుకోలేకపోతోంది. వీధి చివరి పంపు ఆడితే చాలు, నీళ్ళన్నీ కాలవలోకి తోడేస్తుంది. దాని చప్పుడు కోసమే చెవి ఒకటి అటు పడేసి ఉంచింది. పొద్దున బాబాయ్ వాళ్ళమ్మగారికి కుట్టిన గౌను ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు కూడా చెవి అటే ఉంది. ఆవిడ మంచం మీద కూర్చునే గౌను అందుకుంది, కాళ్ళు చిన్నపిల్లలా గాల్లో ఊపుకుంటూ.

"బాబాయ్, పంపు ఆడుతుందంటావా ఇవాళ?"

"ఆడక ఏం చేస్తుందమ్మాయ్? నేను ఊరికే కూర్చున్నాననుకున్నావా? ఆ పంపుకి కొత్త సాఫ్ట్‌వేరు పెట్టాం, ఇక మనిషి అక్కర్లేదు, నీళ్ళు గీత దాటగానే అదే ఆడుతుంది, మీ అభిప్రాయాలు చెప్పండి అని నగరం వాళ్ళు వెబ్‌సైటు తెరిచారా, తెరిచారు. నేను చూశాను. నీళ్ళు కొలిచే కర్రని తీసుకెళ్ళి వీధి ఎగువన మెరక మీద పాతారయ్యా, దిగువన మేం పీకలదాకా మునిగినా ఆ కర్రకి తడి తగలదు, దాన్ని తెచ్చి పల్లంలో పాతండి అని రాశాను. అంతే. నాలుగు లైన్లు."

"అంతేనా?" అన్నారు మాస్టారు. అంత చిన్న కోత బాబాయ్ నోట ఆయన ఎన్నడూ వినలేదు.

"అంతే అయితే చెప్పడం ఎందుకు మాస్టారూ? ఆ తర్వాత ఏమైందో తెలుసా? పోస్టు పెట్టి టీ తాగుదామని గ్లాసు ఎత్తానో లేదో, ఫోను. ఎవరూ? ఆ సాఫ్ట్‌వేరు రాసిన కంపెనీ పెద్దాయన. వీడియోలో ఆయన, ఆయన వెనకాల కంపెనీ మొత్తం, ఒక్కళ్ళూ కుర్చీలో లేరు, అందరూ నిలబడే ఉన్నారు. కూర్చోండయ్యా, నాకు మొహమాటంగా ఉంది అన్నాను. వినరే. అయ్యా, మా కోడు ఎక్కడో తిరగబడింది, మా వల్ల కావడం లేదు, మీరోసారి చూడండి అని పంపించారు. అప్పుడు నా చేతిలో స్క్రూడ్రైవరు ఉంది, ఇంకొకరి ఫోను ఒళ్ళో విప్పి ఉంది, అలాగే ఓ కంటితో చూశాను. ఒక్క చుక్క లేదు. లక్ష లైన్లలో ఒక్క చుక్క. ఆ చుక్క పెట్టుకోండి అన్నాను. పెట్టారు. పెట్టగానే మన పంపే కాదు, వాళ్ళ ఆఫీసులో ఏళ్ళ తరబడి ఆగిపోయిన లిఫ్టు కూడా కదిలింది."

"ఆ లిఫ్టులో ఎవరైనా ఉన్నారా పాపం?" అంది అత్త, పాలు పొంగకుండా చూసుకుంటూ.

"ఉన్నాడత్తా, ఒకాయన. బయటికొచ్చి మొదట నా పేరే అడిగాడు."

మాస్టారు నవ్వారు. మిషనక్కకీ నవ్వు వచ్చింది గానీ సగంలో ఆగిపోయింది. రెండో మెట్టు అంచు మీదికి నీళ్ళు నాకుతూ వచ్చి వెనక్కి పోతున్నాయి. పంపు దిక్కునుంచి వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మరి ఆడట్లేదే బాబాయ్ ఇంకా?"

"తొందరపడకమ్మాయ్, దానికో పద్ధతి ఉంది. చట్టం ప్రకారం ఆడుతుంది. ఏ చట్టం అంటారేం? నా చట్టమే. ఆ పోస్టు అక్కడితో ఆగిందా? చేతులు మారి చేతులు మారి మంత్రుల దాకా పోయింది. ఒకాయన లేచి నిలబడి సభలో చదివాడు. మొదటి లైనుకి అందరూ ఫోన్లు కింద పెట్టారు. రెండో లైనుకి నిద్రపోతున్నవాళ్ళు లేచారు. మూడో లైనుకి ప్రతిపక్షంలో ఒకాయన వెక్కి వెక్కి ఏడ్చి, ఇన్నాళ్ళూ మనం దేనికి కొట్టుకున్నామయ్యా అని ఎదుటాయన్ని పోయి కావలించుకున్నాడు."

"నాలుగో లైనుకి?" అన్నారు మాస్టారు.

"నాలుగోది చదవనిస్తేగా, చప్పట్లు. మొన్న ఇదే చెప్తే మీరు నమ్మలేదు."

"మొన్న ఏడ్చింది అధికార పక్షంవాడన్నావు."

"ఇద్దరూ ఏడ్చారు మాస్టారూ, మొన్న ఒకళ్ళదే చెప్పాను, టైము లేక."

రెండో మెట్టు మునిగింది. అత్త చక్కెర డబ్బా తీసి పై అరలో పెట్టింది. మాస్టారు గొడుగు వెతుక్కున్నారు. అది చూసి మిషనక్కకి ఇంకా ఎక్కువ భయం వేసింది. కోతలని తెలుసు. పాలలో నీళ్ళున్నాయని తెలిసినట్టే తెలుసు. కానీ ఇవాళ నమ్మాలని ఉంది. ఈయన చెప్పేదాంట్లో పదో వంతు నిజమైనా పంపు ఆడుతుంది, పంపు ఆడితే తను వెళ్ళి హాయిగా కాలర్లు కుట్టుకోవచ్చు.

"మిషన్లు పైకి ఎక్కించమంటావా బాబాయ్? నిజం చెప్పు. నా ఒక్కదాని వల్ల కాదు, మీరందరూ ఓ చెయ్యి వెయ్యాలి. ఎక్కించాలంటే ఇప్పుడే ఎక్కించాలి."

"ఎందుకమ్మా అంత కష్టం?" అన్నాడు బాబాయ్. గొంతు ఇంకాస్త పెద్దదయింది. వానని మించి మాట్లాడాలనేమో. "అసలు సంగతి ఇంకా చెప్పలేదుగా. భూమి వేడెక్కుతోందని దేశాలన్నీ కలిసి పెట్టుకున్న మహాసభ ఒకటుందా, డిగ్రీన్నరా రెండు డిగ్రీలా అని ఏళ్ళ తరబడి లాక్కుంటున్నారా? దాన్ని ఆన్‌లైన్‌లో చూపిస్తుంటే, కింద నేనొక ముక్క రాశాను. అయ్యా, ఆ హాల్లో ఏసీలు ఆపి మాట్లాడుకోండి అని. ఆపారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గంట తిరిగేసరికి అందరికీ చెమటలు, కోట్లు విప్పేశారు, టైలు విప్పేశారు, పెన్నులు ఎక్కడ పెన్నులు ఎక్కడ అని ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని మరీ సంతకాలు పెట్టేశారు. అదే రోజు ఉత్తర ధ్రువంలో కరిగిన మంచు కరిగినట్టే వెనక్కొచ్చి గడ్డకట్టింది. ఒక తెల్ల ఎలుగుబంటి, నా పోస్టుకి లైకు కొట్టింది."

"ఎలుగుబంటికి ఫోనెక్కడిది?" అన్నారు మాస్టారు.

"ఎవరో పరిశోధకులు పారేసుకుంటే దొరికింది. గోరు గట్టిగా తగిలి లైకు రెండుసార్లు పడి, పడిందల్లా పోయింది. అందుకే మీకు లెక్కలో కనిపించదు. అప్పట్నించీ మబ్బులు కూడా, ఎక్కడ ఎంత కురవాలో నన్ను అడక్కుండా కదలవు. ఈ వాన కూడా నేను పర్మిషన్ ఇచ్చిందే అమ్మాయ్. మూడో మెట్టు దాకానే ఇచ్చాను. అక్కడికొచ్చి ఆగి, నాకో నమస్కారం పెట్టి వెళ్ళిపోతుంది. నువ్వు మిషన్లు కదపకు. నేనున్నాను."

మూడో మెట్టు మీద ఎవరో తాగి పెట్టిన ఖాళీ గ్లాసు ఉంది. అది మెల్లగా లేచి, తేలి, పక్కకి తిరిగింది.

మిషనక్క దానివంకే చూస్తూ ఉండిపోయింది. తేలుతున్న ఆ గ్లాసుని చూస్తుంటే గాల్లో ఊగుతున్న రెండు కాళ్ళు గుర్తొచ్చాయి. ఆ ముసలావిడ పొడుగు మనిషి. మామూలు మంచం మీద కూర్చుంటే పాదాలు నేల మీద ఆనాలి.

"బాబాయ్," అంది నెమ్మదిగా. "పొద్దున మీ అమ్మగారికి గౌను ఇచ్చి వచ్చాను. మంచం మీద కూర్చుంది. మరి కాళ్ళెందుకు నేలకి అందట్లేదు?"

బాబాయ్ తన ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు.

"అంత ఎత్తు మంచం తనంతట తను ఎక్కలేదు. నువ్వే ఎత్తి కూర్చోబెట్టి ఉంటావు. అప్పటికి ఇంకా అడుగుమెట్టు కూడా తడవలేదు. కోళ్ళ కింద ఎన్ని ఇటుకలు పెట్టావు బాబాయ్?"

బాబాయ్ వంగి, తేలుతున్న గ్లాసు అందుకుని అరుగు మీద పెట్టాడు.

"రెండేసి," అన్నాడు.

వీధిలో అందరూ పెట్టేది ఒక్కటే. రెండేసి పెట్టాడంటే అందరికన్నా ఎక్కువ భయపడింది ఆయనే. మాస్టారు బెంచీ మీదనుంచి దిగి పంచె పైకి కట్టారు. అత్త పొయ్యి ఆపేసింది. నలుగురూ నీళ్ళలోకి దిగి మిషనక్క కొట్టులోకి నడిచారు.

ముందు యూనిఫారాల కట్టలు పైకి పోయాయి. తర్వాత మిషన్లు. చివరి మిషన్ని ఒక పక్క మిషనక్క, ఒక పక్క బాబాయ్ పట్టుకుని మెట్లెక్కుతుంటే కిందనుంచి నీళ్ళు గడప దాటి, గుడ్డముక్కల్ని, దారపు ఉండల్ని లేపుకుంటూ లోపలికి వచ్చాయి. ఆవిడ కోపంతో బాబాయ్ మొహం చూడకుండానే ఎక్కుతోంది. ఇంకాస్త సేపు నమ్మి ఉంటే కొట్టు పోయేది.

"నాకు ఫోను ఎవరూ చెయ్యలేదమ్మాయ్," అన్నాడు బాబాయ్, రొప్పుతూ. "పోస్టు పెట్టింది మాత్రం నిజం. కర్ర సంగతి కూడా నిజమే. దానికి వచ్చింది ఒక్క లైకే. అది ఎవరిదో కూడా తెలీదు."

"నాదే," అంది మిషనక్క. "జాగ్రత్త, మోటారు గోడకి తగులుతోంది."

బాబాయ్ మెట్టు మీద ఆగిపోయాడు. పైనుంచి మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"నేనూ చూశానయ్యా ఆ పోస్టు. వీధిలో అందరికీ వచ్చింది. చాలామంది బలపరిస్తేనే పై వాళ్ళు చూస్తారని కింద రాసి కూడా ఉంది. నువ్వు పెట్టావు కదా అని, ఇదీ నీ కోతే అనుకుని వదిలేశాను."

"నేనూ అంతే," అంది అత్త.

వాన తగ్గలేదు. ఎగువన, మెరక మీద, పొడిగా నిలబడ్డ కర్రని చూసుకుని పంపు నిశ్చింతగా నిద్రపోతోంది. మిషన్లన్నీ పైగదిలో గోడవారగా చేరాక, నలుగురూ కట్టల పక్కన నేల మీద కూర్చున్నారు. మాస్టారు ఫోను తీసి ఆ వెబ్‌సైటు వెతికారు. చర్చ ఇంకా ముగియలేదట. తడివేలికి తెర పలక్కపోతే వేలిని యూనిఫారానికి తుడవబోయి, మిషనక్క చూపు చూసి, తన చొక్కాకే తుడుచుకుని బాబాయ్ పోస్టుకి లైకు నొక్కారు. ఆ తర్వాత అత్త తన ఫోను కూడా ఆయన చేతికిచ్చింది. మిషనక్క వీధిలో ఒక్కొక్కరికే ఫోను చేసి, "నిజమే, నేను చెప్తున్నా, నొక్కండి" అనడం మొదలుపెట్టింది.

బాబాయ్ మాత్రం తన ఫోను ముట్టుకోలేదు. కిటికీలోంచి తన ఇంటి కప్పు వైపే చూస్తున్నాడు. కాసేపటికి లేచి, "అమ్మని చూసొస్తాను, మూడో ఇటుక పెట్టాలి" అన్నాడు.

"పద, నేనూ వస్తాను," అన్నారు మాస్టారు. మెట్లు దిగుతూ అడిగారు. "రేపు దీన్ని ఎలా చెప్తావయ్యా?"

"ఉన్నది ఉన్నట్టే చెప్తాను మాస్టారూ."

అంత పెద్ద కోత ఆయన ఎన్నడూ కొయ్యలేదు.