తూకం బాబాయి ఆఖరి క్రాంక్‌షాఫ్ట్

అమ్మలారా, అయ్యలారా, చేతుల గ్రీజు కడుక్కుని మరీ వచ్చిన మెకానిక్ తమ్ముళ్లారా! ఈ షెడ్డులో ఇంతమంది కూర్చుని ఉండగా ఒక్క మెషీనూ తిరగకపోవడం నేనెన్నడూ చూడలేదు. తూకం బాబాయి లేడు. మీకు బాబాయి, పక్క షెడ్డులో లేత్ తిప్పుకునే నాకు చిన్ననాటి నేస్తం. ఇవాళైనా 'ఆయన' అందామని ఇంటి దగ్గర గట్టిగా అనుకుని బయల్దేరాను. నోరు తిరగడం లేదు. 'వాడు' అనే అంటాను, ఏమీ అనుకోకండి.

వాడు చేసిన పనేమిటో చుట్టాల్లో కొందరికి ఇప్పటికీ తెలియదు. ఇంజిన్‌లో పిస్టన్లు పైకీ కిందికీ గెంతుతాయి. ఆ గెంతుల్ని చక్రాలకు పనికొచ్చే తిరుగుడుగా మార్చే ఉక్కు కడ్డీ క్రాంక్‌షాఫ్ట్. అది ఒక పక్కకి పిసరంత బరువు తూగినా రేసు వేగంలో ఇంజిన్ మొత్తం వణికి చస్తుంది. బరువైన చోట చిల్లు వేసి, చిటికెడు ఉక్కు తీసి, దాన్ని సరితూకానికి తేవడం మా వాడి పని.

తూకం చూసే మెషీను మీద షాఫ్ట్ ఎంత నిమ్మళంగా తిరిగినా వాడికి చాలేది కాదు. తాడుకు వేలాడదీసి చిన్న సుత్తితో ఒక్కటి కొట్టేవాడు. ఖంగుమని మోగుతూ ఉంటే సరే. ఠప్పుమని ఆగిందా, లోపల పగులున్నట్టే. ఒక రేసు పెద్దమనిషి తళతళలాడే షాఫ్ట్ తెచ్చి, అది ఠప్పుమంటే, "కొత్తదయ్యా!" అని కేకలేశాడు. మా వాడేమన్నాడు? "కొత్తదేనండీ. పగులు కూడా కొత్తదే."

పొరపాట్లు చేయలేదా? చేశాడు. ఒకసారి గుర్తు గీసుకోకుండా షాఫ్ట్ చివరనుండే బరువు చక్రం, ఫ్లైవీల్, విప్పి, ఒక బోల్టు చిల్లు పక్కకి జరిపి బిగించాడు. రేసు మొదలవగానే బండికి చలిజ్వరం! అందరి ముందూ "నాదే తప్పు" అన్నాడు. అప్పట్నుంచి ఏది విప్పినా ముందు పంచ్ మొనతో రెండు చుక్కలు, ఈ ముక్క మీదొకటి, ఆ ముక్క మీదొకటి, ఎదురెదురుగా. ఆఖరికి వంటింట్లో గిన్నెలకీ మూతలకీ జత చుక్కలు కొట్టేశాడు! ఇదిగో, ముందు వరసలో కూర్చున్న వాడి ఇల్లాలు, మా చెల్లెమ్మే అంది: "నా నుదుటి మీద కూడా ఓ చుక్క కొట్టండి, ఏ వైపు తిరిగి నిలబడాలో తెలుస్తుంది." నవ్వమ్మా, పరవాలేదు. వాడుంటే ముందు వాడే నవ్వేవాడు.

ఇప్పుడు అసలు సంగతి. వాడి కూతురు కొండదారి రేసుకి బండి తయారుచేస్తోంది. తేలికైన షాఫ్టే కావాలంది, ఇంజిన్ చురుగ్గా లేస్తుందని. బరువుంటేనే ఎత్తు ఎక్కేటప్పుడు ఊపు నిలుస్తుందన్నాడు వాడు. తండ్రీకూతుళ్ల ఆ గొడవకి నా లేత్ శబ్దం కూడా వినపడేది కాదు! చివరికి షాఫ్ట్ వాడు ఎంచిందే, పాత ఇంజిన్ లోంచి తీసిన గట్టి ఉక్కు. బరువు మాత్రం కూతురు చెప్పినంతకి తగ్గేదాకా చెక్కాడు. ఆఖరి చిల్లు మిగిలి ఉండగా మంచం పట్టాడు. మరి లేవలేదు.

ఆ చిల్లు నిన్న అమ్మాయే వేసింది. మెషీను మీద తిప్పింది. నీళ్లలా సాఫీగా తిరిగింది. కానీ అంత చెక్కాక లోపల పగిలిందో లేదో? తాడుకు కట్టింది, సుత్తి అందుకుంది, కొట్టలేకపోయింది. పగులుంటే ఏమవుతుంది? నాన్న చేతి ఆఖరి పని తుక్కులో పడెయ్యాలి. వాడైతే పడేసేవాడు, అది మీకూ తెలుసు, అమ్మాయికీ తెలుసు.

అదిగో, మీ వెనక వేలాడుతోంది. అమ్మాయీ, ఒక్కదానివే ఎందుకమ్మా? మేమంతా ఉన్నాం. ఇప్పుడు కొట్టు.

అందరూ లేవండి. మాట్లాడకండి. ఠప్పుమంటే వెంటనే కూర్చుందాం, మళ్లీ మొదటి నుంచి చెక్కుదాం. మోగితే మాత్రం ఆ మోత పూర్తిగా ఆగేదాకా నిలబడదాం.

నాబోటి ముసలివాళ్లు కర్రలు గట్టిగా పట్టుకోండి. వాడి పని నాకు తెలుసు. చాలాసేపు నిలబడాలి.