కెప్టెన్ బెర్తోల్దో ఫలకం

విన్నది విన్నట్టు చెప్పడంలో రొక్కసోర్దా కొండమీద నన్ను మించినవాడు లేడు. మొన్న మా మేయరు పాలరాతి ఫలకం ఒకటి మోయించుకొచ్చి, నా పక్కింటి ముసలావిడ గుమ్మం ముందు నిలబడ్డాడు. నేను మెట్లమీద కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తున్నాను.

"అత్తా, నీ అదృష్టం పండింది. కెప్టెన్ బెర్తోల్దో పుట్టింది ఈ ఇంట్లోనే. ఫలకం నీ గోడకే."

"గోడకా? నువ్వు చూపించేది నా వంటింటి కిటికీరా."

"దాన్ని ఇటుకలతో పూడ్చేస్తే సరిగ్గా సరిపోతుంది."

"నాకున్నదే ఒక్క కిటికీ. ఆ వెధవ కోసం నన్ను చీకట్లో పిండి పిసకమంటావా?"

"వెధవేంటత్తా! ముట్టడిలో ఊరిని కాపాడిన వీరుడు."

"కాపాడాడా! జున్నుగడ్డ ఒకటి పుచ్చుకుని, కోట తాళంచెవి శత్రువు చేతిలో పెట్టాడు. అయినా ఈ ఇల్లు కట్టింది మా తాత. అంతకుముందు ఇక్కడుండేది పందుల దొడ్డి."

"'ఇక్కడ పుట్టెను' అని చెక్కించేశాం కదా, ఇప్పుడెలా?"

"ఆయన మీ వంశంవాడేగా. మీ గోడకే కొట్టుకో."

"మా గోడమీద ఖాళీ లేదత్తా. మా తాతలవే నాలుగున్నాయి."

"వాళ్ళేం వెలగబెట్టారట?"

"మేయర్లుగా చేశారు."

"అయితే రాయి ఇక్కడ పడేసి పో. నున్నగా ఉంది. అక్షరాలు కిందికి తిప్పి పిండి వత్తుకుంటాను."

అన్నంత పనీ చేసింది. ఆదివారం ఆ కిటికీలోంచే నాకో పళ్ళెం పాస్తా అందించింది.

ఆవిడ మాటల్లో ఆ జున్నుగడ్డ మాత్రం నేను కలిపిందే, పాపం కెప్టెన్ పరువు కోసం. తాళంచెవి ఆయన ఊరికే ఇచ్చేశాడు.