రోజుకు పది వరుసలు

శ్రీమతి వెర్నా హాల్వర్సన్ గారు 1986 మార్చి మూడవ తేదీన మన బిర్చ్ కోవ్ ఊరి వారపత్రికలో మరణవార్తల రచయిత్రిగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. నాటినుండి తనకు ఒక్క ఉదయమైనా వేళకు కాఫీ దక్కలేదని ఆమె భర్త లాయిడ్ గారు ఊరందరికీ మొరపెట్టుకుంటూనే ఉన్నారు. కాచుకోవడం మాత్రం నేర్చుకోలేదు.

పొయ్యి వెలిగించేముందు ఊళ్లో బతికున్న ఒక మనిషి గురించి పది వరుసలు రాయడం వెర్నా గారి నిత్యనియమం. తొలి ఏటి పుటల్లో పేర్లూ, వయసులూ, 'మంచి మనిషి' అన్న మాటా తప్ప మరేమీ లేవు. మూడో ఏట చేతులు కనిపించాయి, ఐదో ఏట ఆ చేతులు చేసే పనులు. పదో ఏటికి మనుషులే వచ్చి కూర్చున్నారు.

1997లో అటువంటి పుట ఒకటి పొరపాటున మరణవార్తల కట్టలో కలిసి అచ్చయింది. ఆ పుటలోని పడవ నడిపే క్లేటన్ గారు పోయారనుకుని, ఆయనింటికి ఊరంతా వంటల గిన్నెలతో పరామర్శకు బయలుదేరింది.

మర్నాడు ఆయనే కార్యాలయానికి వచ్చారు. "చంపితే చంపావుగానీ వెర్నా, ఆ పద్నాలుగు గిన్నెలూ ఎవరెవరివో కూడా నువ్వే రాసిపెట్టు!"

సంపాదకులు ఆర్విల్ గారు నవ్వలేదు. "రాత పుట్టుకతో రావాలి. దిద్దితే వచ్చేది దస్తూరీ ఒక్కటే. ఆ పిచ్చిరాతలు ఇక కట్టిపెట్టు."

ఆమె రాయడం మానలేదు, చెప్పడం మానారు.

గత నవంబరులో ఆర్విల్ గారి సతీమణి ఐరీన్ గారు కన్నుమూశారు. ఆమె గురించి తానే రాస్తానని ఆయన రెండు రోజులు తలుపు మూసుకున్నారు. కాగితం మీద నిలిచినవి రెండు తేదీలు. అచ్చుకు గంట ముందు వెర్నా గారు ఒక పాత పుట తెచ్చి ఆయన ముందు పెట్టారు. 'బూట్లు విప్పేటప్పుడు ఐరీన్ ఒక చేత్తో గోడను, ఇంకో చేత్తో ఆర్విల్‌ను పట్టుకుంటుంది. గోడనే ఎక్కువ నమ్ముతుంది.' ఆయన దాన్ని అలాగే అచ్చుకు పంపారు.

ఈ ఏడు వెర్నా గారి కుడిచేతికి వణుకు వచ్చింది. పది వరుసలు నాలుగై, ఇప్పుడు ఒకటి అయింది. ఆ ఒక్క వరుసా ఆగకుండా, ఆమె ఆయురారోగ్యాలతో వర్ధిల్లుతూ, లాయిడ్ గారి కాఫీ మరెన్నో ఏళ్లు ఆలస్యమవుతూనే ఉండాలని సహోద్యోగులందరి ఆకాంక్ష.

వెర్నా గారి గురించి మేం రాసిన ఈ వ్యాసాన్ని సరిచూడమని ఇస్తే, ఆర్విల్ గారు ఇక్కడివరకు చదివి, ఒక్క అక్షరమూ దిద్దకుండా లేచి వెర్నా గారి బల్ల దగ్గరికి వెళ్లారు.

"అవన్నీ నీకెలా కనబడ్డాయి వెర్నా?"

"రోజూ చూశాను, ఆర్విల్."

ఆయన అందరూ వింటుండగా అన్నారు. "తప్పు నాదే, అది పుట్టుకతో వచ్చేది కాదు. నలభై ఏళ్లు ఐరీన్ పక్కనే ఉండి, ఆ గోడ సంగతి నేను చూడనేలేదు."