నిమ్‌పురాలో ఎర్ర గుర్తు

హిజ్లీలోని కాలేజీ హాస్టల్ నుంచి తాతకు ఫోనులో చెప్పి చెప్పి ప్రశాంతికి నోరు నొప్పెట్టింది. రైలు నడిపే కంప్యూటర్ ఆటలో విదేశీ పట్టాలు తీసేసి, రిటైరైన రైలు డ్రైవరు తాత కోసం ఆయన ఏళ్ల తరబడి పనిచేసిన నిమ్‌పురా యార్డు పెట్టింది. తన లినక్స్‌లో నడిచింది, స్నేహితురాలి మ్యాక్‌లో నడిచింది. తాత ఇంట్లోని విండోస్‌లో మాత్రం మొదలవడం లేదు.

"మళ్ళీ నొక్కు తాతా. ఏటొచ్చింది?"

"ఇందాకటిదే. ఎర్ర గుర్తు."

"కొత్త ప్రోగ్రామని ఊరికే హెచ్చరిస్తాదంతే. కింద 'అయినా నడుపు' అని ఉంటాది. నొక్కినావా?"

"లేదు. ఆపీసినాను."

"పొద్దుట్నుంచీ ప్రతిసారీ ఆపేస్తన్నావా?"

"ఎర్రది సూసి ఆపకపోతే ఎలాగే?"

"తాతా, ఇది ఆట."

"నిమ్‌పురా యార్డన్నావు కదే. అక్కడ నేనెప్పుడైనా ఆడుకున్నానా?"