గంజు జరిపిన తొవ్వ

"నాయినమ్మా, నాకొక్కదానికే ఎందుకే గింత మందం అద్దాలు? బళ్లె అందరు సోడబుడ్డి అంటున్నరు."

అననీ బిడ్డా. జర కూసో. బొంత కుట్టుకుంట చెప్త.

నువ్వు ఏడో నెలల పుట్టినవ్. అరచెయ్యంత ఉంటివి. వరంగల్ దవాఖానల అద్దాల పెట్టెల పెట్టిండ్రు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒక్కటే చెప్పింది. తొందరపడి పుట్టిన పిల్లలకు కంటి ఎనుక నెత్తురు నరాలు సక్కగ పెరగయట, నెల నిండకముందే హైదరాబాద్ల చూపియ్యాలె, ఆలిస్యమైతే చూపు పోతదని. మీ తాత ఇంటెనా? "కండ్లు నల్లగ మెరుస్తున్నయి, గీ పిల్లకేమైంది? పురుడు కాకుంట గడప దాటిస్తరా?" అన్నడు. మీ అమ్మ ఏడ్చి ఏడ్చి, ఒకనాడు పొద్దుగాల్నే నిన్ను కొంగుల చుట్టుకొని వాకిట్ల నిలవడ్డది. ఇగ నేను గూడ లేసిన.

తెలంగాణ కొట్లాట జోరుమీదున్న దినాలు. మన కేసముద్రంల రైళ్లు లెవ్వు, బస్సులు లెవ్వు. మీ నాయిన ఆటో మాట్లాడిండు... కాదు కాదు, జీపే. రఘునాథపల్లి కాడికి పోయేసరికి రోడ్డుకు అడ్డంగ వంటావార్పు. రాళ్ల పొయ్యిల మీద పెద్ద పెద్ద గంజులల్ల అన్నం ఉడుకుతున్నది. రోడ్డు మీదనే వండుకొని తినుడు, బండి కదలనియ్యకపోవుడు, అప్పటి పద్ధతి గదే గదా. మన ఊళ్లె నేను గూడ గట్లనే కూసున్న. ఇప్పుడు తొవ్వ అడిగేది నేనే అయితి.

"అక్కా, పిల్ల కండ్లకు ఆపతొచ్చింది, పోనియ్యుండ్రి" అన్న. గంటె పట్టుకున్న ఒకామె వచ్చి, కొంగు తీసి చూసి, "కండ్లు మంచిగనే ఉన్నయి గదనే?" అన్నది. మీ తాత మాటనే! మీ అమ్మ ఆమె చెయ్యి పట్టుకొని, "మనకు కనిపించదట అక్కా, లోపల ఉంటదట" అన్నది.

గంతే. ఆమె ఎనుకకు తిరిగి ఒక్క కేక ఏసింది. అన్నం సగం ఉడికింది, గంజి గూడ వంపలే. నలుగురు ఆడోళ్లు కొంగులు అడ్డం పెట్టుకొని మసిలే గంజును పక్కకు జరిపిండ్రు. చేతులు కాలుతుంటే అబ్బా అబ్బా అనుకుంటనే జరిపిండ్రు. రాళ్లు కాళ్లతోని నూకిండ్రు. మా జీపు నిప్పుల మీదికెల్లి పోయింది.

హైదరాబాద్ల లేజర్ పెట్టిండ్రు. ఇంకొన్ని దినాలైతే మా చేతుల ఉండకపోతుండె అన్నడు డాక్టరు. ఒక కన్ను మంచిగైంది, ఒకటి సగమే వచ్చింది. గందుకే గీ అద్దాలు. గా ఆడోళ్ల పేర్లు గూడ అడగకపోతి. తెలంగాణ వచ్చిననాడు ఊరంత సంబురం చేస్తుంటే, నాకు గా కాలిన చేతులే యాదికొచ్చినయి.

ఏందో... గీ దారం సూదిల ఎక్కుతనే లేదు, నా కండ్లకు మసక. జర నువ్వు ఎక్కియ్యి బిడ్డా.

ఎక్కిందా? ఒక్కపారికేనా! సల్లగుండు నా తల్లి. నీ చూపు సల్లగుండ.