ఎత్తేదానికి ఇద్దరు

ఆ కుర్చీ ఇట్ల లాక్కొని కూర్చో పావనీ. ఏమంటివి ఇందాక? "ఏ పని చెప్పినా చేస్తా తాతా, టైములూ సెలవులూ ఏమొద్దు, మీ ఇంట్లో మనిషి అనుకోండి చాలు" అంటివి గదా. అట్లనగాకు తల్లీ. మా ఆవిడను, అదే మీ అవ్వను, చూసుకునేదానికి మనిషి కావాలని నేనే పిలిపించినా, కాదన్ను. కానీ ఆ మాట మాత్రం అనగాకు. ఆ మాట ఈ ఇంట్లో ఒకసారి నేనే అన్నా, కరుణమ్మతో. నీకు తెలీదులే, నువ్వప్పటికి పలకా బలపం పట్టుకొని బడికి పోతాంటావు. పలకంటే రాతి పలకే, మా దుకాణంలోదే అయ్యుంటది, మీ వెలిగండ్ల దాకా మా సరుకే పోయేది. ఇప్పుడెవరు కొంటారు? అన్నీ ప్లాస్టిక్కు. సరే, ఏం చెప్తాంటి? ఆఁ, కరుణమ్మ.

పెద్దారవీడు ఆమెది. మా అమ్మకు పక్షవాతమొచ్చి కుడిపక్కంతా పడిపోయినాది. అమ్మ మామూలు మనిషా? భారీ మనిషి. మంచం మీంచి కుర్చీలోకి మార్చాలన్నా తల ప్రాణం తోక్కొచ్చేది. కరుణమ్మేమో బక్కపల్చగా, గట్టిగా గాలేస్తే పడిపోయేటట్టుంటది. ఒంగోలులో ఏదో వృద్ధాశ్రమంలో ఆరేండ్లు చేసొచ్చిందంట. వచ్చిన రోజే, ఇదిగో నువ్వు కూర్చున్న కాడనే నిలబడి, "అన్నా, పొద్దున ఎన్నింటికి రావాల, ఎన్నింటికి పోవాల? ఆదివారం ప్రార్థనకు పోనిస్తారా? అవ్వ పని కాక వేరే పని చేయాల్నా? నాకు జరమొస్తే అవ్వనెవరు చూస్తారు? ఎత్తేదానికి రెండో మనిషి ఉన్నారా?" అని అడిగింది. అక్కడ చేరేటప్పుడు ఇయ్యన్నీ కాగితం మీద రాసిచ్చినారంట. నాకు తిక్క రేగింది. నా దుకాణంలో పనిచేసేవాళ్లెవరూ ఎప్పుడూ నోరెత్తి ఒక మాట అడిగినోళ్లు కాదు. "ఏందమ్మా, కోర్టులో వకీలు మాదిరి అడుగుతాండావు? ఇంట్లో మనిషివి అనుకో. ఇంట్లో మనిషికి కాగితాలేంది?" అన్నా. పాపం, కొంగు నడుముకు చెక్కుకొని లోపలికి పోయింది.

ఇంట్లో మనిషి అంటిమా, వంటింటి గడప మాత్రం తొక్కనీలా. దాచేదేముంది, అప్పటి మా పద్ధతులట్ల. అన్నం వసారాలో పెట్టేవాళ్లం. పని మాత్రం అందరిదీ. ఒకరు "కరుణమ్మా, ఈ గుడ్డలు జాడించు" అంటారు, ఇంకొకరు "ట్యాంకర్ వచ్చింది, నాలుగు బిందెలు పట్టు" అంటారు. ఆదివారాలు మొదట్లో రెండు పోయింది, తర్వాత అదీ లేదు. అమ్మే, ఆ మడి మనిషే, చివరికి కరుణమ్మ చేతి ముద్ద తప్ప తినేది కాదు. మా ఆవిడ పెడితే మూతి తిప్పేది. మడీ గిడీ అంతా ఆకలి ముందర యాడ నిలబడతాది చెప్పు.

రెండో మనిషి సంగతి మూడుసార్లు అడిగింది. "చూద్దాంలే" అన్నా మూడుసార్లూ. ఎండాకాలం, పొద్దున పదకొండప్పుడు, నేను బయట లారీ డ్రైవర్‌తో మాట్లాడతాండా. లోపల్నించి కేకేసింది, "అన్నా, ఒక్కసారి రా, అవ్వ అర్జెంటంటాంది, పట్టుకో" అని. "వస్తాండా" అన్నా. పోలా. మళ్ల పిలిచింది. "వస్తాండా అంటి గదమ్మా!" అని కసిరినా. అంతలోకి దబ్బుమని సప్పుడు. పోయి చూస్తే బాత్రూం కాడ తడి బండల మీద కరుణమ్మ ఎల్లకిలా, ఆమె మీద మా అమ్మ. పడేటప్పుడు అమ్మ తల నేలకు తగలకుండా రెండు చేతులా ఎదకు పట్టుకోనుంది. అమ్మకు గీత పడలా. "ముందు అవ్వను లేపండి" అంటాంది కరుణమ్మ, పండ్లు బిగబట్టి. నేనూ మా ఆవిడా కలిసి లేపినాం అమ్మను. ఇద్దరం పట్టినా ఆయాసమొచ్చింది మాకు. కరుణమ్మ మాత్రం లేవలేకపోయింది. నడుములో డిస్కు జారిందన్నాడు డాక్టరు.

ఆమె తమ్ముడు నాగయ్య వచ్చినాడు, మేకలు కాసుకునే మనిషి. కొట్లాడేదానికి రాలా. వాకిట్లో చెప్పులు విడిచి, "శెట్టిగారూ, మా అక్క మీ పనిలో పడింది అని నలుగురిలో ఒక మాట చెప్పండి. ఊళ్లో ఏందేందో అంటాండారు, దానికే కండ్లు కనపళ్లేదని" అన్నాడు. అంతే అడిగినాడు. నేనేమన్నానో తెల్సా? "మేమెవరం ఎత్తమన్లేదు నాయనా, ఆమంతట ఆమె ఎత్తింది" అన్నా. అబద్ధం కాదు, చూడు. ఎత్తమని ఎవరూ అన్లా. ఎత్తొద్దనీ ఎవరూ అన్లా. ఏం చేయాలో, ఏం చేయగూడదో, ఏదీ చెప్పి పెట్టుకున్నది కాదు గదా. నాగయ్య చెప్పులేసుకొని పోయినాడు.

రెండు నెల్లకు బత్తాయిలు తీసుకొని పెద్దారవీడు పోయినా. క్షమించు అని చెబుదామనే పోయినా పావనీ, దారంతా ఆ మాటే అనుకుంటా పోయినా. నులకమంచం మీద గోడ పక్కకు తిరిగి పండుకోనుంది. నాగయ్య పెండ్లాం పట్టుకొని ఇటు తిప్పింది. నన్ను చూసి, "అవ్వ తింటాందా అన్నా?" అని అడిగింది మొట్టమొదట. తింటాందన్నా. "ఎవర్ని పెట్టినావు?" అనింది. అబద్ధం చెప్పేదానికి నోరు రాలా. గిద్దలూరు నుంచి ఇద్దర్ని పెట్టినా అన్నా. వాళ్లు అడిగినవన్నీ, ఆదివారాలూ గంటలూ అన్నీ, మారు మాట్లాడకుండా ఒప్పుకున్నా అప్పటికే.

"ఇద్దరా?" అనింది. ఎగతాళి లేదమ్మా ఆ గొంతులో, కోపమూ లేదు. "మంచిపని చేసినావన్నా. అవ్వ బరువు ఒక్కరితో కాదు" అనింది.

బత్తాయిల సంచి మంచం కింద పెట్టి వచ్చేసినా. చెప్పాల్సింది చెప్పలా. మళ్ల పోలా. ఆమె మళ్ల యాడా పనికి పోలేకపోయిందంట. ఆమె కన్నుమూసి నాలుగేండ్లాయె. కబురు నాగయ్య చెప్పలా నాకు. ఎందుకు చెప్తాడు...

ఎండ దిగింది గదా. వెలిగండ్ల బస్సు నాలుగున్నరకుంది, తప్పితే మళ్ల ఆరుకే. మజ్జిగ తాగి బయల్దేరు. మళ్ల వచ్చేటప్పుడు నువ్వడగాల్సినవన్నీ కాగితం మీద రాసుకొని రా.